కంత

మట్టలాదివారం మర్నాడు
స్త్రీల సమాజం తొమ్మిది మందిమి, ఒక తుఫాన్ బండి,
పులిహోర గిన్నె, డోలక్.
హన్మకొండ దాటి, ములుగు దాటి, పస్రా దాటి
తాడ్వాయి అడవిలోకి.

అక్కడ సిలువ రాళ్ళున్నాయట,
క్రీస్తు పుట్టకముందు నుంచే నిలబడి ఉన్నాయట.
కాపరిగారు ఆ మాట అన్నప్పటి నుంచి
ఎవరికీ కుదురు లేదు.
మన గుర్తు మనకంటే ముందొచ్చి కాచుకొని ఉందని
మా కోశాధికారి సువర్ణమ్మ
దారి పొడుగునా పాడుతూనే ఉంది.

నేను పాడలేదు.
నా సంచిలో గ్రానైట్ కొట్టు చీటీ ఉంది.
అక్షరానికి ఇరవై ఐదు రూపాయలు.
జెకర్యా అని పేరు, రెండు తారీఖులు, కింద ఒక వాక్యం.
ఆ వాక్యమే ఏడాదిన్నరగా దొరకడం లేదు.
ఏదైనా రాయించు అక్కా, అంటారు.
ఏదైనా రాయించడానికి
అతను ఏదైనా మనిషా.

ఇప్పచెట్ల కింద పువ్వు ఏరుతూ
పాయం ముత్తక్క కనిపించింది.
గంప దించకుండానే ముందు నడిచింది.

రాయి మనిషంత ఎత్తు.
అటూ ఇటూ రెండు పొట్టి చేతులు.
ఒక చంకలోంచి చీమలబారు.
సువర్ణమ్మ మోకాళ్ళ మీద పడింది.
ఎవరో స్తోత్రం అన్నారు, ఎవరో ఫోన్ తీశారు.
"గది సిలువ గాదు బిడ్డా," అంది ముత్తక్క,
కొంగుతో మెడ తుడుచుకుంటూ,
"మనిషి. చేతులు జాపి నిలబడ్డడు. మస్తు పాతోడు."

డోలక్ ఆగిపోయింది.
నాకు కోపం రావాలి. రాలేదు.
ముప్పై రెండేళ్ళు మిషన్ ఆసుపత్రిలో
రాత్రి డ్యూటీలు చేసినదాన్ని.
చివర్లో చాలామంది చేతులు ఇలాగే చాస్తారు,
ఎవరు ఎత్తుకుంటారో తెలియకపోయినా
పసిపిల్లలు చాచినట్టు.
జెకర్యా కూడా చాచాడు.
సెలైన్ సూది ఊడిపోతుందని
ఆ చేతిని నేనే మంచానికి అదిమి పట్టుకున్నాను.
ఇది ఎవరికీ చెప్పలేదు. నీక్కూడా, ప్రభూ,
నీకెలాగూ తెలుసు కదా అని.

మరి ఈ పాతోడు? ఇతన్ని ఎరుగుదువా?
నీ పేరు చెవిన పడకుండానే పోయాడు.
సండేస్కూల్లో నాకు నేర్పిన జవాబొకటి ఉంది,
ఆ రాయి ముందు అది నోటికి రాలేదు.
వచ్చింది ఇంతే:
నీ భుజాన మాను మోపకముందే
మేము ఈ ఆకారంలో ఉన్నాం.
నువ్వొచ్చి
మా కొలతలోకి నిన్ను నువ్వు సరిపెట్టుకున్నావు.

కాస్త అవతల సమాధులు.
రాకాసి గుళ్ళు అంటారట.
నిలువు పలకలు, పైన ఎనుబోతంత బండ.
ముత్తక్క నన్ను ఒక్కదాన్నే పిలిచి, వంగి చూపింది.
ముందు పలకకు గుండ్రటి కంత.
ఎన్ని నెలలు తొలిచారో, ఎవరి వేళ్ళు చితికాయో.
"లోపటోడు బయటికి రావాలె గదా," అంది
తలుపు గొళ్ళెం సంగతి చెప్పినంత మామూలుగా.

చెయ్యి పెట్టాను. లోపల చల్లగా ఉంది.
మూడో దినం, దొర్లిన రాయి, మడిచిపెట్టిన నారబట్ట,
యాభై ఈస్టర్లుగా చెవులతో విన్నవన్నీ
అప్పుడు వేళ్ళకు తగిలాయి.
వాక్యం లేదు వాళ్ళ దగ్గర.
వాగ్దానం చేసినవాడెవరూ లేడు.
అయినా రాయిని తొలిచారు.

తిరుగు దారిలో పులిహోర తిన్నాం.
ఉప్పు తక్కువైందని సువర్ణమ్మ అంది,
ఆ తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.

గురువారం కాజీపేట రోడ్డులో కొట్టుకి పోయాను.
వాక్యం దొరికిందా అమ్మా, అన్నాడు మేస్త్రీ.
పేరు చాలన్నాను.
తల దగ్గర పలకకు మాత్రం
పిడికిలి దూరేంత కంత ఒకటి తొలవమన్నాను.
అతను సుత్తి పక్కన పెట్టి నా ముఖం చూశాడు.
"వాన నీళ్ళు దిగుతయ్ గదమ్మా."

దిగనీ, అన్నాను.